వదినా అని పిలిచే కొడుకు

“వదినా, నా బూట్లు ఆరాయా?”

తొమ్మిదేళ్ళ అల్దియార్ గడప మీద నిలబడి అడిగాడు. మర్జాన్ పొయ్యి పక్కన ఆరబెట్టిన ఉన్ని బూట్లు తీసి లోపల చెయ్యి పెట్టి చూసింది. బొటనవేలి దగ్గర ఇంకా తడి ఉంది. అక్కడ తన అరచెయ్యి కాసేపు ఆనించి, వెచ్చబడ్డాక ఇచ్చింది. వాడు కాళ్ళు దూర్చుకుని వెనక్కి చూడకుండా బయటికి పరిగెత్తాడు.

వాడిని కన్నది మర్జానే. అది రహస్యమేమీ కాదు. ఊరందరికీ తెలుసు, వాడికీ తెలుసు. అక్కడి ఆచారం ప్రకారం మొదటి బిడ్డ తాతా నానమ్మలకు చెందుతాడు, అంతే. పది నెలల పిల్లాణ్ణి అత్తగారు ఖదీషా చేతుల్లోకి తీసుకుని, “నువ్వు చిన్నదానివి, నీకింకా పుడతారులే” అంది. ఇంకెవరూ పుట్టలేదు. మొగుడితో పనికని కరగండా పట్నం వెళ్ళాక చాలా రోజులు మర్జాన్ ఫ్యాక్టరీ క్యాంటీన్ వెనక స్నానాలగదిలో గోడకు ఆనుకుని పాలు పిండి పారబోసింది. పిల్లాడికి మాటలొచ్చాయి. నానమ్మని అమ్మా అన్నాడు, తాతని నాన్నా అన్నాడు, కన్నతండ్రి కనత్‌ని అన్నయ్యా అన్నాడు. అన్నయ్య భార్య వదిన కాక ఇంకేమవుతుంది?

ఒక్కసారి, పెళ్ళయిన కొత్తధైర్యం ఇంకా మిగిలున్న రోజుల్లో, మొగుణ్ణి అడిగింది. “మన దగ్గరికి తెచ్చుకుందామా?”

“మొదటివాడు పెద్దవాళ్ళకి. నేనూ అలాగే పెరిగానుగా. నాకేమైంది?” అన్నాడు కనత్.

నిజమే, ఆయనకేమీ కాలేదు. ఆయన్ని పెంచింది ఆయన నానమ్మ. ఆవిడ పోయేదాకా ఆవిడనే అమ్మా అన్నాడు. తనను కన్న ఖదీషాని ఇప్పటికీ ‘వదినా’ అనే పిలుస్తాడు. ఆవిడకి తరవాత పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు కాబట్టి, ఆ ఇంటికి కనత్ ఒక్కడే మిగిలాడు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కొడుకు తల్లిని అలా పిలవడం మర్జాన్‌కి వింతగా ఉండేది. వింతలు కూడా పాతబడతాయి.

ఆ ఏడు చలి మొదలవకముందే కరగండాలో ఫ్యాక్టరీ మూతబడింది. అద్దె ఇల్లు వదిలేసి, ఫ్రిజ్జూ తివాచీ లారీలో వేసుకుని ఊరొచ్చారు. చూడవచ్చిన వాళ్ళంతా “పాపం, కనత్‌కి పని పోయిందట” అన్నారు. మర్జాన్ పని కూడా అదే రోజు పోయింది. ఆ మాట ఎవరి నోటా రాలేదు. ఒక రకంగా వాళ్ళదే నిజం. కనత్ గోడవైపు తిరిగి పడుకుని ఫోను చూసుకునేవాడు. ఆమె తెల్లవారకముందే లేచి బొగ్గు మోసి, ఆవును పిండి, రొట్టెలు కాల్చి, అందరికీ చాయ్ పోసి, అందరూ లేచాక మిగిలింది తాగేది. పని పోయిన మనిషి ఎక్కడైనా ఇంత పని చేస్తుందా? ఒకసారి బొగ్గు బకెట్టు అందుకోమంటే కనత్ కళ్ళెత్తకుండానే అన్నాడు. “పడిపోయిన మనిషిని ఇంకా ఎందుకు పొడుస్తావు?”

అయినా ఆమె లోపల ఎవరికీ చెప్పుకోలేని సంతోషం ఒకటి ఉండేది. ఇన్నేళ్ళకు పిల్లాడున్న ఇంట్లో తనూ ఉంది. వాడు అన్నం తింటుంటే చూడొచ్చు. వాడి చొక్కాలు ఉతకొచ్చు. ఉతికేముందు మెడ దగ్గర వాసన చూడొచ్చు, ఎవరూ లేనప్పుడు. అంతకు మించి చెయ్యి చాచకూడదని ఆమెకు త్వరలోనే తెలిసొచ్చింది. వాడు వాగు మీద పల్చటి మంచులో నడుస్తుంటే, “ఒరేయ్, వెనక్కి రా” అని గట్టిగా అరిచింది. వాడు వచ్చేశాడు. కాని సాయంత్రం చాయ్ దగ్గర ఖదీషా గిన్నె కింద పెట్టి, ఎవరివైపూ చూడకుండా అంది.

“మావాణ్ణి గద్దించడానికి మేం బతికే ఉన్నాం.”

మామగారు ఒరాజ్ గొంతు సవరించుకున్నాడు. కనత్ రొట్టె తుంచుకున్నాడు. మర్జాన్ తల వంచి ఆమె గిన్నెలో మళ్ళీ చాయ్ పోసింది.

*

చలికాలానికి మాంసం దాచుకునే రోజులొచ్చాయి. మామగారి తమ్ముడు గుర్రం మీద వచ్చాడు. ఇంకా సరిగ్గా మాలిమి కాని గుర్రం అది. కొట్టం పక్కన స్తంభానికి కట్టేసి మగవాళ్ళంతా లోపల కూర్చున్నారు. పెరట్లో పేగులు కడిగే పని మర్జాన్‌ది. వేడినీళ్ళు పోసిన కాసేపటికే చల్లబడుతున్నాయి. వేళ్ళు తిమ్మిరెక్కి తనవి కానట్టున్నాయి.

తలెత్తేసరికి అల్దియార్ ఆ గుర్రం దగ్గరున్నాడు. కట్టు విప్పేశాడు. ఎడమ కాలు రికాబులో పెట్టబోతున్నాడు. గుర్రం చెవులు వెనక్కి పడి ఉన్నాయి.

మర్జాన్ నోరు తెరిచింది. ‘ఆగు’ అన్న మాట నాలిక చివరికి వచ్చింది. ఆ వెంటనే చాయ్ దగ్గర విన్న మాట గుర్తొచ్చింది. లోపల చుట్టాలున్నారు. అందరి ముందూ మళ్ళీ ఆ మాట పడాలి.

ఆమె అరవలేదు. చేతులు కూడా తుడుచుకోకుండా ఇంట్లోకి పరిగెత్తింది. వంటింట్లో పిండి పిసుకుతున్న ఖదీషా ముందు నిలబడి, కోడలు మాట్లాడాల్సిన పద్ధతిలోనే, గొంతు తగ్గించి చెప్పింది.

“అత్తయ్యా, అల్దియార్ ఆ గుర్రం ఎక్కబోతున్నాడు. మీరొకసారి కేకేస్తారా?”

ఖదీషా వాకిట్లోకి వచ్చేలోపే పిల్లాడి అరుపు వినబడింది. గుర్రం వెనక కాళ్ళ మీద లేచి వాణ్ణి పడేసి, పారిపోతూ వాడి కాలు తొక్కింది. మోకాలికి పైన కాలు పక్కకు తిరిగిపోయి ఉంది. మంచులో వాడి మొహం మంచుకన్నా తెల్లగా ఉంది.

ఖదీషా వాణ్ణి ఒళ్ళో వేసుకుని, అందరూ వింటుండగా మర్జాన్ వైపు తిరిగింది.

“చూస్తూ ఉండి నన్ను పిలవడానికొచ్చావా? అక్కడే అరవలేకపోయావా? నువ్వసలు కన్నతల్లివేనా?”

తల్లి అన్న మాట ఆ ఇంట్లో తనను ఉద్దేశించి వినడం మర్జాన్‌కి అదే మొదటిసారి.

*

మండల ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, దాన్ని వెలుతురుకి పెట్టి చూపించింది. ఎముక పెరిగే చోట విరిగిందని, ముక్క పక్కకు జరిగిందని చెప్పింది.

“ఇక్కడ కట్టు మాత్రమే కట్టగలం. వెంటనే కరగండా పంపిస్తాను. కోసి సరిచేయాలి. ఆలస్యమైతే ఆ కాలు పొట్టిదైపోతుంది.”

“కోయడమా?” ఒరాజ్ టోపీ సర్దుకున్నాడు. “అవసరం లేదమ్మా. పక్క ఊళ్ళో ఎముకలు కట్టే ముసలావిడ ఉంది. నా భుజం విరిగితే ఆవిడే కట్టింది. చూడు, కొడవలి ఆడిస్తున్నాను.”

“మీ భుజం వేరు, పిల్లాడి మోకాలు వేరు పెద్దాయనా. మీరు పెరగడం ఎప్పుడో ఆగిపోయింది.”

“మా ఇంకో మరిది ఇలాగే కోతకని వెళ్ళాడు. మళ్ళీ లేవలేదు. నేను పంపను” అంది ఖదీషా. ఆవిడ చేతులకు ఇంకా పిండి అంటుకునే ఉంది. “ఇంటికి తీసుకెళ్తాం.”

డాక్టరమ్మ కనత్ వైపు చూసింది. కనత్ నేల వైపు చూశాడు.

“పెద్దవాళ్ళు చెప్పాక మధ్యలో నేనేంటి” అన్నాడు.

తండ్రి రొట్టె తింటున్నవాడికి తండ్రిని కాదనే నోరుండదు, మర్జాన్‌కి అర్థమైంది. కాని పని ఉన్న రోజుల్లో మాత్రం ఆ నోరెక్కడుంది? ఇన్నేళ్ళూ ఆయన మౌనాన్ని పెద్దరికం అనుకుంది, ఆ తరవాత నీరసం అనుకుంది, ఉద్యోగం పోయాక బాధ అనుకుంది. పేర్లు మారుస్తూ వచ్చింది గాని అది ఒకటే మౌనం. తనది మాత్రం? నోట్లో మాట పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది తనే కదా. గుర్రం తొక్కింది ఒక్కసారి. దానికి ముందు తొమ్మిదేళ్ళుగా ఆ పిల్లాడి విషయంలో ఆమె ప్రతిసారీ ఎవరో ఒకరిని పిలవడానికే పరిగెత్తుతోంది.

“తల్లి సంతకం చేస్తే చాలు, ఆంబులెన్సులో ఒక్కరికే చోటు. మీలో తల్లెవరు?” డాక్టరమ్మ విసుగ్గా అడిగింది.

“నేనే” అంది ఖదీషా.

డాక్టరమ్మ ఆవిడ నెరిసిన జుట్టు చూసి, మంచం మీదున్న పిల్లాణ్ణి చూసి, మళ్ళీ అడిగింది. “కన్నదెవరు?”

మామగారి ఎదుట మర్జాన్ ఏనాడూ గొంతెత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. మామూలు గొంతుతోనే అడిగింది.

“బండి ఎప్పుడు బయల్దేరుతుంది డాక్టరుగారూ?”

“కోడలా” అన్నాడు ఒరాజ్. అరవలేదు. ఆయనకెప్పుడూ అరవాల్సిన అవసరం రాలేదు.

“వాడి కాలు పొట్టిదవకూడదు మామయ్యా. నేను తీసుకెళ్తున్నాను. వాణ్ణి నేను కన్నాను.”

“మర్జాన్, ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం” అని కనత్ చెయ్యి పట్టుకోబోయాడు.

“నువ్వు మాట్లాడు. ఇంట్లోనే ఉంటావుగా” అంది.

స్ట్రెచర్ కదిలింది. ఖదీషా నడవాలో వెంటపడి కోడలి కోటు చెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకుంది మర్జాన్. ఆవిడ తిట్టలేదు. గొంతు చాలా చిన్నదైపోయింది.

“తీసుకెళ్ళు. కాలు బాగుచేయించు. కాని మళ్ళీ నాకిచ్చెయ్యవే. నన్ను అమ్మా అని పిలిచినవాడు వీడొక్కడే.”

ఆవిడ వెనకే కనత్ నిలబడి ఉన్నాడు. విన్నాడు. తల్లి భుజం మీద చెయ్యి వేశాడు.

“వదినా, ఇక్కడ చలిగా ఉంది. లోపలికి రా” అన్నాడు.

*

కరగండాలో కాలు కోసి సరిచేశారు. నడుస్తాడు, కాని నెలల తరబడి కాలు వంచి చాపిస్తూ ఉండాలన్నారు. ఊళ్ళో అది చేసేవాళ్ళు లేరు. రోజు మార్చి రోజు ఆస్పత్రికి తీసుకురావాలి.

మెలకువ వచ్చినప్పటినుంచీ అల్దియార్ ఒకటే మాట. “అమ్మ కావాలి. అమ్మ ఎప్పుడొస్తుంది?” మర్జాన్ వాడి మొహం తుడిచింది, మలమూత్రాలు ఎత్తింది, పాలు తాగించింది. వాడు తాగి, గోడవైపు తిరిగి, అమ్మ కావాలని ఏడ్చాడు. పక్క మంచం పాప తల్లి చూసి చూసి అడిగింది.

“నువ్వు వీడికి ఏమవుతావమ్మా?”

“వదిన” అన్నాడు అల్దియార్.

“అబ్బో. మా వదినుంది, నేను జ్వరంతో పడుంటే గుమ్మంలోంచే తొంగిచూసి పోయింది. నీకు మంచి వదిన దొరికిందిరా.”

మర్జాన్ నవ్వలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కరగండాలో ఇప్పుడు ఆమెకు తెలిసిన మనిషి లేదు. క్యాంటీన్‌లో తనతో పనిచేసిన వాళ్ళంతా తలో దిక్కూ పోయారు. అంతకన్నా పెద్ద ఒంటరితనం ఈ గదిలోనే ఉంది. కొడుకు దొరికాడు, వాడి ఏడుపులో తను లేదు. వాడు ఏడుస్తున్నది నిజంగా అమ్మ కోసమే. వాడికి తెలిసిన అమ్మ కోసం. పది నెలల వయసులో తన కోసం కూడా ఇలాగే ఏడ్చి ఉంటాడు. అప్పుడు ఎవరో ఒకామె పాలు పట్టి, ఊరుకోబెట్టి, గెలిచింది. ఇప్పుడు తనూ అలాగే గెలవొచ్చు. పిల్లలు మరిచిపోతారు. కొన్ని వారాలు ఓపిక పడితే చాలు. ఆ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని ఆమెకు భయమేసింది. ఖదీషాకీ, అంతకుముందు ఆవిడ అత్తగారికీ కూడా ఇంత తేలిగ్గానే వచ్చుంటుంది.

మధ్యాహ్నం నడవాలోకి వచ్చి ఫోను చేసింది.

“ఎలా ఉన్నాడు?” ఖదీషా మొదటి గంటకే ఎత్తింది.

“బాగున్నాడు అత్తయ్యా. మీకోసం ఏడుస్తున్నాడు. రండి.”

మర్జాన్ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

“రేపటి బస్సుకి రండి. ఆస్పత్రి వెనక ఒక గది చూశాను. ఇక్కడి వంటింట్లోనే పని ఇస్తామన్నారు. వాడు మళ్ళీ నడిచేదాకా, నడిచాక కూడా ఇక్కడే ఉంటాం. మీరు ఎన్నాళ్ళుండాలనుకుంటే అన్నాళ్ళుండండి. వాడు మిమ్మల్ని అమ్మా అనే పిలుస్తాడు, నేను మాన్పించను. కాని వాణ్ణి మీకు తిరిగివ్వను.”

ఖదీషా గొంతు తగ్గించి అంది.

“కనత్‌ని తీసుకెళ్ళాక మా అత్త నన్ను రమ్మనలేదు. పండక్కి కూడా.”

“తెలుసు.”

“నీకెలా తెలుసు? నేనెవరికీ చెప్పలేదు.”

“మీరు చెప్పక్కర్లేదు అత్తయ్యా.”

తరవాత ఖదీషా గొంతు మామూలు అత్తగారి గొంతైంది. “నేనూ వచ్చేస్తే ఆవుని ఎవరు పిండుతారే?”

“కనత్‌ ఉన్నాడుగా. ఆయనకి ఉద్యోగం లేదు.”

“మగవాడు ఆవు కింద కూర్చుంటే ఊరు నవ్వదూ?”

“నవ్వనివ్వండి. పాలు వస్తాయి కదా.”

ఆమె లోపలికి వచ్చేసరికి అల్దియార్ కళ్ళు తుడుచుకుని చూస్తున్నాడు.

“ఎవరితో మాట్లాడావు వదినా?”

“మీ అమ్మతో. రేపొస్తోంది.”

వాడి మొహం వెలిగింది. ఆ వెలుగులో తనకేమీ లేదని తెలిసి కూడా మర్జాన్ చూసింది. వాడు ఆ వెంటనే అడిగాడు.

“అమ్మొస్తే నువ్వెళ్ళిపోతావా?”

“వెళ్ళను.”

“మరి ఇద్దరూ ఉంటే నేనెవరి మాట వినాలి?”

“కాలు సంగతి నా మాట వినాలి.”

“మిగతా సంగతులు?”

ఇన్నేళ్ళలో ఆమెను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎవరినైనా పిలిచి చెప్పించడానికి గుమ్మంవైపు చూడలేదు ఆమె. దుప్పటి వాడి గడ్డం దాకా లాగింది.

“అవి కూడా” అంది.