పైకి పడిన మనిషి

సరుకు మంచిదో కాదో తెలియాలంటే, కొన్నవాడు రెండోసారి కొట్టుకు వచ్చేటప్పుడు మొహం చూడాలని ఇమామ్ సాహెబ్ నమ్మకం. కావలి బజారులో ఇరవై రెండేళ్ళుగా ఆయన నడుముకు కట్టుకుని చెట్లెక్కే మోకులు అమ్ముతున్నాడు. తెగిందని తిట్టినవాడు ఒక్కడూ లేడు. తెగితే తిట్టడానికి మనిషి మిగలడన్నది వేరే లెక్క. తెగలేదని తిట్టడానికి మాత్రం, అరవై రెండో సంవత్సరం జూన్ నెలలో, పుష్పకుమారి వచ్చింది.

"ఏందన్నా, అంత గట్టి తాడు అమ్మితే ఎట్టా? నా సంసారం నాశనమయింది గదా!"

పుష్పకుమారి మొగుడు క్రీస్తురాజు కరెంటాఫీసులో స్తంభాలెక్కే పనివాడు. పర్మినెంటు కాదు, రోజుకూలి. ఒకప్పుడు ఇమామ్ సాహెబ్ మోకులన్నీ తాటిచెట్లెక్కేవాళ్ళే కొనేవాళ్ళు. కల్లు నిషేధం వచ్చాక ఆ బేరం ఎండిపోయింది. అంతలో కరెంటు స్తంభాలొచ్చాయి. చెట్టయినా స్తంభమయినా ఎక్కేవాడికి ఉండేది ఒక నడుమే కాబట్టి, ఆఫీసువాళ్ళు ఏటా మోకులు ఆయన దగ్గరే కొంటూ వచ్చారు.

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడు జనం రోళ్ళను నీడలో పెట్టుకుని మనుషుల్ని స్తంభాలెక్కించారు. తుమ్మలపెంట దారిలో మధ్యాహ్నం ఒంటిగంటకు పైకెక్కిన క్రీస్తురాజుకు వడదెబ్బ తగిలింది. కళ్ళు తేలేశాడు. మోకు పట్టుకుంది. గంటంబావు సేపు నడుం దగ్గర మడత పడి, తుండుగుడ్డ ఆరేసినట్టు వేలాడాడు. కిందున్నవాళ్ళు వంచిన తల ఎత్తకుండా పని చేస్తున్నాడనుకున్నారు. మేస్త్రీ అయితే మిగతావాళ్ళకు చూపించి, "చూడండ్రా, అదీ పనంటే" అని మెచ్చుకున్నాడు కూడా.

మనిషి బతికాడు. మూడు వారాలుగా మంచంలో ఉన్నాడు. ఇంకో నెల ఎండలోకి పోకూడదన్నాడు డాక్టరు. నెల రోజులు పనిలోకి రాకపోతే రోజుకూలీ పేరు కొట్టేస్తారు. ఇన్సూరెన్సు కంపెనీ దాన్ని ప్రమాదమని ఒప్పుకుంటేనే పేరు నిలుస్తుంది, మూడు నెలల కూలి చేతికొస్తుంది. ఆ ఒప్పుకోవడానికే నెల్లూరి నుంచి పద్మనాభయ్య అనే ఇన్‌స్పెక్టరు వచ్చి, తాడు చూడాలని ఆమె వెనకే నేరుగా కొట్లోకి దిగాడు.

"వడదెబ్బ ప్రమాదం కాదమ్మా," అన్నాడు పుష్పకుమారితో, ఎంతో మర్యాదగా. "అనుకోకుండా వచ్చేది ప్రమాదం. సూర్యుడు రోజూ వస్తాడు. మా కాగితంలో ఉన్నవి రెండు గళ్ళే. పైనుంచి పడ్డాడా? పనిముట్టులో లోపముందా?"

"పడలేదు సార్, ఈ సాయిబన్న తాడు పడనిస్తేగా!"

"పన్నెండు నుంచి మూడింటి దాకా మనుషుల్ని ఎక్కించకపోతే?" అని అడిగాడు ఇమామ్ సాహెబ్.

పద్మనాభయ్య కాగితాలు అటూ ఇటూ తిప్పి నిజాయితీగానే వెతికాడు. "దానికి ఇందులో గడి లేదు సాహెబ్ గారూ. అయినా ఒక దారుంది. గంటంబావు వేలాడినాడు గదా. అంతసేపట్లో తాడు సాగి ఉండాల. సాగితే మనిషి కిందికి దిగినట్టు. తన ప్రమేయం లేకుండా దిగితే పడినట్టే. నెమ్మదిగా పడినాడు, అంతే. ఒక్క అంగుళం చాలు, నేను రాసేస్తా."

ఆయన చెడ్డవాడు కాదు. అందుకే ఇమామ్ సాహెబ్‌కు చెమట పట్టింది. ఇరవై రెండేళ్ళుగా సాగని తాడని చెప్పి అమ్మినవాడు, ఇప్పుడు అల్లా దయవల్ల అంగుళం సాగాలని కోరుకోవలసి వచ్చింది.

మర్నాడు పరీక్ష. అదే స్తంభం, అదే మోకు, అదే ఒంటిగంట. క్రీస్తురాజును కట్టెల అడితిలో కాటా మీద కూర్చోబెట్టి, సరిసమానంగా ఇసక మూట కట్టారు. "జబ్బుపడి చిక్కిపోయినాడు, పాత బరువు కావాల," అని పద్మనాభయ్య ఇంకో రెండు దోసిళ్ళు వేయించాడు. మూట పైకెక్కింది. గంటంబావు చూశారు. మోకు వెంట్రుకవాసి సాగలేదు.

"మూటకు చెమట పట్టదు గదా!" అని అరిచింది పుష్పకుమారి. న్యాయమే అనిపించింది పద్మనాభయ్యకు. మనిషి చెమటకు సరిపడా నీళ్ళు పొయ్యమన్నాడు. ఎంత పడుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి మూటా మోకూ తడిసేలా బిందెడు పోశారు.

జనపనార తడిస్తే బిగుసుకుంటుంది. మోకులమ్మేవాడికి తెలియని సంగతి కాదు; ఆ గాబరాలో ఇమామ్ సాహెబ్ మరిచిపోయాడు. అందరూ చూస్తుండగా ఇసక మూట మెల్లగా పైకి లేచింది. పద్మనాభయ్య నిచ్చెనెక్కి టేపుతో కొలిచాడు.

"రెండంగుళాలు పైకి పడినాడు," అని నిట్టూర్చాడు. "పైకి పడితే కంపెనీ ఏమీ ఇవ్వదు. ఇంకా మీరే కట్టాలంటారేమో." కలం మూత తీసి ఫైలు ముగించబోయాడు.

పుష్పకుమారి ఆ ఎండలోనే చతికిలబడింది. ఏడవలేదు. "పేరు కొట్టేస్తారు," అంది, ఎవరితోనూ కాదు.

ఇమామ్ సాహెబ్ మనసులో తక్కెడ ఊగింది. ఒక తట్టలో ఆఫీసు బేరం, ఇరవై రెండేళ్ళ పేరు. రెండో తట్టలో ఏముంది? తన మోకు పట్టుకోబట్టే మనిషి బతికాడు. బతికినవాడు తినాలి. సరుకు సగం పని చేసి ఊరుకుంటే అది మంచి సరుకెట్లా అవుతుంది?

"ఆగండి సార్. పనిముట్టులో లోపమన్నారు గదా. నా తాడు మనిషిని రెండంగుళాలు పైకి లాగింది. పైనేముంది?"

"ఏముంది?"

"సూర్యుడు. మనిషిని తీసకపోయి ఎండకు దగ్గర చేసింది నా తాడు. ఎండ మీ కాగితంలో లేదు, ఒప్పుకున్నా. ఎండ దగ్గరికి లాగిన తాడు ఉందిగా!"

పద్మనాభయ్య పైకి చూశాడు, కళ్ళు చిట్లించి మళ్ళీ టేపు చూశాడు. "రాసిస్తారా?"

"రాసిస్తా."

'నా మోకు లోపం గలది, చెమటకు కుదించుకుని మనిషిని సూర్యుని వైపు లాగును' అని ఇమామ్ సాహెబ్ సంతకం చేశాడు. దాని కింద పద్మనాభయ్య 'ఊర్ధ్వపతనము, రెండు అంగుళములు' అని రాసి ముద్ర వేశాడు. పది రోజుల్లో క్రీస్తురాజుకు కూలి వచ్చింది, పేరు నిలిచింది. ఆ వారంలోనే కరెంటాఫీసు ఇమామ్ సాహెబ్ మోకులు వద్దనేసింది. ఎదురుకొట్టు కామాక్షయ్య ఆ చీటీ నకలు సంపాదించి బజారంతా చదివి వినిపించాడు. తన తాడు సాగదనీ కుదించుకోదనీ ఏ లోపమూ లేనిదనీ ఆఫీసుకు రాసిచ్చి బేరం కొట్టేశాడు.

నాలుగు రోజులు కొట్లో ఈగలు తోలుకున్నాడు ఇమామ్ సాహెబ్. ఐదోనాడు స్తంభాలెక్కేవాళ్ళు పద్నాలుగు మంది వచ్చి మెట్ల మీద కూర్చున్నారు.

"కామాక్షయ్య తాడుతో మేము ఎక్కం సాయిబన్నా. లోపం లేదని రాసిచ్చినాడంట. రేపు మాకేమన్నా అయితే మా ఆడోళ్ళకు పైసా వస్తదా? మా డబ్బులతోనే కొంటాం, నీ లోపం తాడే ఇయ్యి. చీటీతో సహా."

"తాడు గట్టిదేరా నాయనా."

"గట్టిదే ఉండనీ. చీటీ మాత్రం కుళ్ళిపోయి ఉండాల."

ఇమామ్ సాహెబ్ కాగితాల దస్తా తీశాడు. ఒక్కొక్కడికి మోకు కొలిచి, లాగి చూసి, ముడి పరీక్షించి ఇచ్చాడు. ఆ మోకు ఎంత చెడ్డదో రాసి దాని మీద పెట్టాడు. ఏసుమణి అనేవాడు తన చీటీ చదివించుకుని వెనక్కి ఇచ్చాడు.

"రెండంగుళాలేనా అన్నా? నాకు ముగ్గురు పిల్లోళ్ళు. మూడు రాయి."

ఇమామ్ సాహెబ్ మూడని దిద్దాడు. వీధిలో లారీ ఆగింది. ఒంటిగంట కావస్తోంది, రండిరా అని మేస్త్రీ కేకేశాడు. పద్నాలుగు మందీ చీటీలు చెమటకు తడవకుండా తలపాగాల్లో దోపుకుని, మోకులు భుజాన వేసుకుని, లారీ ఎక్కడానికి ఎండలోకి దిగారు.