గోతి దగ్గర ఊరిసభ

జాబెజ్ థర్లోకి స్టాంపుల ఉద్యోగం వచ్చిందన్న కబురు మా టార్బెల్ కోవ్‌కి చేపల పడవ మీద వచ్చింది. పడవవాళ్ళు నా సత్రంలో కూర్చుని, రమ్ము తాగుతూ, అదేదో పెళ్ళి కబురులా చెప్పారు. విన్నవాళ్ళంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది జాబెజ్ బావ, పీపాలు చేసే ఆబ్నర్ పెల్.

"మా బావమరిదికి రాజుగారి కొలువా! ఇక ఆదివారం వాడు ఎదురైతే టోపీ తీయాలి కాబోలు," అన్నాడు.

"తీయవయ్యా, నీ బట్టతలకి కాస్త గాలన్నా తగుల్తుంది," అన్నాను నేను.

అప్పటికింకా నవ్వగలిగే స్థితిలోనే ఉన్నాం. ఆ వసంతంలో లండన్‌లో పార్లమెంటు అమెరికాలోని మా వలసల మీద ఒక చట్టం చేసింది. నవంబరు నుంచి వీలునామా రాయాలన్నా, పొలం అమ్మాలన్నా, ఓడ రేవు దాటాలన్నా, కోర్టుకెక్కాలన్నా రాజముద్ర కొట్టిన కాగితమే వాడాలి. ఆ స్టాంపు కాగితాన్ని వెండి పోసి కొనాలి. అది అమ్మడమే జాబెజ్‌కి వచ్చిన ఉద్యోగం. వార్తాపత్రికకీ ముద్రే, పేకముక్కలకీ ముద్రే. నాలాగ సారా అమ్ముకునేవాళ్ళ లైసెన్సు కాగితానికైతే మరీ బాదుడు. మా ఆయన సముద్రంలో పోయాక నేను బతుకుతున్నది ఆ లైసెన్సు మీదే.

పన్నులు మాకు కొత్త కాదు. ఊరిసభలో మేమే వేసుకుని, మేమే తిట్టుకుంటూ కట్టేవాళ్ళం. ఇది అలాంటిది కాదు. మావాడంటూ ఒక్క మనిషి కూర్చోని చోట, మా మొహం కూడా చూడనివాళ్ళు వేసింది. ఇవాళ కాగితానికి ఊరుకుంటే రేపు కిటికీలకీ పొయ్యిలకీ వేస్తారని కనెక్టికట్ అంతటా జనం రగిలిపోతున్నారు.

జాబెజ్ సంగతి చెప్పాలి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఊళ్ళో దస్తావేజులన్నీ ఆయనే రాసేవాడు. మంచివాడే గానీ పద్ధతుల పిచ్చి. ఊరిసభలో కంచెలు చూసే మనిషిని ఎన్నుకుంటున్నా సరే, లేచి నిలబడి, నోటీసు సరిగ్గా అంటించలేదనో, చేతులు సరిగ్గా లెక్కపెట్టలేదనో అడ్డం పడేవాడు. అందరం ఆవలిస్తూ కూర్చునేవాళ్ళం. చివరికి ఆయన చెప్పినట్టే మళ్ళీ చేతులెత్తేవాళ్ళం. తల్లి గొంతు జబ్బుతో పోతే అక్క డోర్కస్ ఆయన్ని పెంచింది. ఆ డోర్కస్‌నే ఆబ్నర్ చేసుకున్నాడు.

కబురు వచ్చిన వారంలోనే బావా బావమరుదులు నా సత్రంలో ఎదురుపడ్డారు.

"ఏరా, నిజమేనా?" అన్నాడు ఆబ్నర్.

"నిజమే బావా. నేను అడగలేదు. వాళ్ళే వేశారు."

"వేస్తే? వద్దని రాసెయ్."

"నేను వద్దంటే ఇంకెవణ్ణో తెచ్చి కూర్చోబెడతారు. ఆ వచ్చేవాడు మనకి తెలిసినవాడై ఉంటాడా? నేనైతే లేనివాళ్ళని పీడించను."

"లేనివాళ్ళని పీడించని పన్ను ఎక్కడైనా చూశావురా? ఇదిగో కెజయా ఉంది. దీని లైసెన్సుకి నువ్వే కదా ఆ కాగితం అమ్మాలి. అమ్ముతావా?"

జాబెజ్ నా వంక చూడలేక గ్లాసు వంక చూశాడు. "చట్టం తప్పేనంటాను. రద్దు చెయ్యమని అర్జీ రాద్దాం, నేనే రాసిపెడతాను. కానీ ఉన్నన్నాళ్ళూ అది చట్టం."

"నీ తలకాయ," అని ఆబ్నర్ లేచి వెళ్ళిపోయాడు.

ఆగస్టులో బోస్టన్ నుంచి వార్తలు రావడం మొదలైంది. అక్కడ స్టాంపుల మనిషి బొమ్మ చేసి ఉరి తీశారట, ఇల్లు పగలగొట్టారట. మావాళ్ళకీ చేతులు దురద పెట్టాయి. గడ్డితో మనిషిని చేసి, రేవులో ఓడ తెరచాప కొయ్యకి వేలాడదీశారు. మెడలో జాబెజ్ పేరు రాసిన పలక. రాసింది ఆబ్నరే, అక్షరాలు అలా వంకర పోయేవి ఆయనకి మాత్రమే. జాబెజ్ స్వయంగా రేవుకి నడిచొచ్చాడు. జనం తప్పుకుని దారి ఇచ్చారు. తలెత్తి ఆ బొమ్మని చూశాడు.

"నాకంత పొట్ట లేదు. నా పేరులో ఒక అక్షరం కూడా తప్పింది," అన్నాడు.

కొందరికి నవ్వు ఆగలేదు. ఆ రోజుకి గొడవ అలా చల్లారింది. కానీ స్టాంపు కాగితాల పెట్టెలు ఇంగ్లండులో ఓడ ఎక్కాయని కబురొచ్చాక ఎవరికీ నవ్వు రాలేదు. ఊరిపెద్దలు వెళ్ళి జాబెజ్‌ని రాజీనామా చెయ్యమన్నారు. ఆయన ఒకటే మాట మీద నిలబడ్డాడు. "సభ పెట్టండి. ఊరు చేతులెత్తి అడిగితే అదే రోజు దిగిపోతాను. రేవులో కేకలు వేస్తే మాత్రం దిగను. ఇవాళ కేకలకి నేను దిగితే రేపు కేకలకి ఇంకెవడో దిగాలి. అప్పుడు ఇక సభ ఎందుకు?"

పెద్దలు సభ పెట్టడానికి భయపడ్డారు. సభలో తీర్మానం అయితే అది కాగితం మీదకెక్కుతుంది, ఎవరెవరున్నారో గవర్నరుకి తెలుస్తుంది. కేకలకైతే ఆ బెడద లేదు. అలా ఎవరి పట్టు మీద వాళ్ళుండగానే సెప్టెంబరు వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం జాబెజ్ చేత రాజీనామా చేయించడానికి స్టోన్‌లీ ఊరి నుంచి గుర్రాల మీద మనుషులు దిగారు. చేతుల్లో బెరడు తీసిన తెల్లటి కర్రలు. ముందు కెప్టెన్ ఇథామర్ లూమిస్, వెనక ఒక బండి. బండిలో కొత్త శవపేటిక. నా సత్రం ముందు ఆగి ఆపిల్ సైడర్ తాగారు. మా ఊరివాళ్ళు పని వదిలేసి వచ్చి వాళ్ళలో కలిశారు. ఆబ్నర్ ముందే నిలబడ్డాడు. వాళ్ళొస్తారని ఆయనకి ముందే తెలుసు, ఆ బండి సంగతి మాత్రం తెలీదు. పేటికని చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఇదెందుకు కెప్టెన్?"

"భయపెట్టడానికేనయ్యా. మీవాడు మాటలకి లొంగే రకం కాదటగా? మా దగ్గర ఈ మందుంది."

అందరూ జాబెజ్ ఇంటి మీదకి పోయారు. నేను వెనకే వెళ్ళాను. జాబెజ్ గుమ్మంలోకి వచ్చాడు, ఆయన భుజం వెనక భార్య మెహిటబెల్. లూమిస్ గుర్రం దిగకుండానే రాజీనామా కాగితం చదివి సంతకం పెట్టమన్నాడు.

"ఇది మీ ఊరు కాదు కెప్టెన్. మా ఊరివాళ్ళని సభ పెట్టమనండి," అన్నాడు జాబెజ్.

"సంతకం పెట్టకపోతే నిన్ను పాతిపెడతాం."

"పాతిపెడితే ఇక సంతకం ఎవడు పెడతాడు?"

మనిషి హడలిపోయి ఉన్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ద్వారబంధాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. అయినా నోరు ఊరుకోలేదు. స్టోన్‌లీ వాళ్ళు నలుగురు గుమ్మం ఎక్కి ఆయన్ని రెక్కలు పట్టి లాగారు. మెహిటబెల్ కేక పెట్టి ఒకడి జుట్టు పట్టుకుంది. ఆమెని లోపలికి తోసి తలుపు మూసేశారు. నేను అక్కడ ఆగలేదు. లంగా ఎత్తిపట్టుకుని ఆబ్నర్ ఇంటికి పరిగెత్తాను.

డోర్కస్ పెరట్లో ఆపిల్ ముక్కలు దారానికి గుచ్చుతోంది. భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులతో చర్చికే బండి మీద వచ్చేది. నేను చెప్పింది విని, వేళ్ళు గుడ్డకి తుడుచుకుంది.

"మా ఆయన ఉన్నాడా అక్కడ?"

"ఉన్నాడు."

"మరి ఆపట్లేదా?"

జవాబు కోసం ఆగకుండా నా భుజం మీద చెయ్యి వేసి నడక మొదలుపెట్టింది.

మేం శ్మశానానికి వెళ్ళేసరికి చర్చి గంట కొడుతున్నారు, చావుకి కొట్టినట్టు మెల్లగా. మూల గొయ్యి తవ్వి ఉంది. జాబెజ్‌ని పేటికలో పడుకోబెట్టి మూతకి మేకులు కొట్టేశారు. లోపలి నుంచి ఒక్క కేకా లేదు. తాళ్ళతో గోతిలోకి దించుతున్నారు. స్టోన్‌లీ వాళ్ళలో ఒకడు చావు ప్రార్థన వెక్కిరింపుగా చదువుతుంటే కొందరు నవ్వుతున్నారు. మా ఊరివాళ్ళలో నవ్వేవాళ్ళు తగ్గిపోయారు. కానీ ఎవరూ ముందుకి రాలేదు. జనంలో నిలబడ్డ మనిషికి పక్కవాడు కదిలితే తప్ప కాలు కదలదు.

లూమిస్ పార తీసుకుని ఆబ్నర్ చేతిలో పెట్టాడు. "నీ చుట్టం కదా, మొదటి మట్టి నువ్వే వెయ్యి. ఒక్క పార మట్టి పడితే లోపలి నుంచి తనే అరుస్తాడు."

ఆబ్నర్ పార పట్టుకున్నాడు. మట్టిలో గుచ్చాడు కూడా. నేను చూశాను.

అప్పుడు డోర్కస్ నా భుజం వదిలేసింది. జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ పోయి గోతి అంచున కూర్చుంది. ఒక కాలు దించింది, రెండో కాలు దించింది, మోకాళ్ళు పట్టేసి మూలిగింది. తర్వాత దబ్బున జారి పేటిక మీద పడింది. చెక్క కిర్రుమంది. సర్దుకుని దాని మీద కూర్చుని, తల మీది బోనెట్ టోపీ సరిచేసుకుంది.

"వెయ్యి ఆబ్నర్, మట్టి వెయ్యి," అంది. "పైన నేనున్నాను. నా మీద పడ్డాకే వాడి మీద పడాలి."

లూమిస్ కసిరాడు. "ఆడదాన్ని పైకి లాగండి!"

"ఎవడు లాగుతాడో రమ్మను," అంది డోర్కస్, ఆయన వంక చూడకుండానే. "నాకూ ఈ పన్ను వద్దు కెప్టెన్. మా ఇంట్లో ఇంగ్లండు గుడ్డ కొనడం మానేసి నాలుగు నెలలైంది, నేను వడికిన ఉన్నే కట్టుకున్నాను. వీడు మూర్ఖుడు. చిన్నప్పటి నుంచీ అంతే. కానీ వాడు అడిగిందేంటి? సభ పెట్టమన్నాడు. అంతమాత్రానికి పాతిపెడతారా?"

ఆబ్నర్ మొహం ఎర్రగా కందిపోయింది. భార్యని చూశాడు, పార వంక చూసుకున్నాడు. దాన్ని గోతికి దూరంగా విసిరేశాడు. వెనక్కి తిరిగి, ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలీదు, ఇలా అరిచాడు.

"టార్బెల్ కోవ్ వాళ్ళు ఇటు రండి! స్టోన్‌లీ వాళ్ళు గోడ అవతల నిలబడండి. ఇది మా ఊరిసభ. మీకు ఓటు లేదు."

"ఏం సభయ్యా, మతి పోయిందా?" అన్నాడు లూమిస్.

"మా ఊరు, మా శ్మశానం, మా సభ. గోడ దాటండి కెప్టెన్."

మావాళ్ళకి కాళ్ళొచ్చాయి. ఒక్కొక్కరే కదిలి ఆబ్నర్ పక్కకి చేరారు. స్టోన్‌లీ వాళ్ళు మమ్మల్ని చూశారు, వాళ్ళలో వాళ్ళు చూసుకున్నారు. సణుగుతూ గోడ దాటారు. లూమిస్ అందరికంటే చివర దాటాడు.

"జాబెజ్ థర్లో స్టాంపుల ఉద్యోగం వదులుకోవాలని ఈ ఊరు అడుగుతోంది. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు ఆబ్నర్.

ఊరిపెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక దాక్కోవడానికి చోటు లేదు. వాళ్ళూ ఎత్తారు, అందరూ ఎత్తారు. గోతిలోంచి ఇంకొక చెయ్యి లేచింది, డోర్కస్‌ది. ఊరిసభలో ఆడవాళ్ళకి చెయ్యెత్తే హక్కు లేదు. ఆ రోజు కాదన్నవాడు లేడు. అది చూసి నేనూ ఎత్తాను.

ఇక డోర్కస్‌ని పైకి తీయడం పెద్ద పనైంది. నలుగురు పట్టి లాగితే గానీ రాలేదు. "మెల్లగా, నేను పీపాని కాను," అని తిట్టింది. పేటిక పైకి లాగి మూత ఊడదీశారు. జాబెజ్ కళ్ళు తెరిచే ఉన్నాయి. మొహంలో రక్తం లేదు. చేతివేళ్ళ గోళ్ళు చిట్లి ఉన్నాయి. అరవలేదన్నమాటే గానీ లోపల మూతని గోకుతూనే ఉన్నాడు. లేచి కూర్చుని చాలాసేపు గాలి పీల్చుకున్నాడు.

"ఓటు అయిందా?" అన్నాడు.

"అయింది," అన్నాడు ఆబ్నర్.

"వద్దన్నవాళ్ళెవరు?"

"ఒక్కరూ లేరు."

"అక్క?"

"నేనూ ఎత్తానురా," అంది డోర్కస్, స్కర్టుకి అంటిన మట్టి దులుపుకుంటూ.

జాబెజ్ తల ఊపి కలం అడిగాడు. శవపేటిక మూతనే బల్లలా పెట్టుకుని రాజీనామా రాశాడు. లూమిస్ తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టలేదు. తన మాటల్లో తనే రాసుకున్నాడు. ఊరు సభ పెట్టి అడిగినందువల్ల వదులుకుంటున్నానని రాశాడు.

నవంబరు వచ్చింది. మా జిల్లాలో ఒక్క స్టాంపు కాగితం అమ్ముడుపోలేదు. కోర్టులు మూతపడ్డాయి. ఓడలు కొన్నాళ్ళు ఆగి, తర్వాత ముద్ర లేకుండానే కదిలాయి. నేను లైసెన్సు లేకుండా ఆ చలికాలమంతా సారా అమ్మాను, ఎవరూ అడగలేదు. మరుసటి వసంతంలో పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దు చేసిందని తెలిసినప్పుడు కొండమీద పెద్ద మంట వేశారు. ఊరంతా అక్కడే ఉంది. జాబెజ్ రాలేదు.

ఆయన రాత్రిళ్ళు తలుపు మూయనివ్వడని, చలికి చస్తున్నానని మెహిటబెల్ నాతో అనేది. ఊళ్ళో ఆయన్ని అందరూ మర్యాదగా చూసేవాళ్ళు. ఆ మార్చిలో ఊరిసభ నడిపే మనిషిగా ఆయన్నే ఎన్నుకున్నారు. సభలోకి కర్రలు తేకూడదన్న షరతు మీద ఒప్పుకున్నాడు. కానీ ఆబ్నర్‌తో మాట్లాడడు. అక్కని చూడాలనిపిస్తే ఆబ్నర్ దుకాణంలో ఉండే వేళ చూసుకుని వెళ్ళేవాడు.

ఆబ్నర్ ఒకసారి వెళ్ళి క్షమించమని అడిగాడు. జాబెజ్ ఏమన్నాడో నాకు ఆబ్నరే చెప్పాడు.

"నువ్వు పార విసిరేసిన చప్పుడు విన్నాను బావా. దానికి ముందు దాన్ని మట్టిలో గుచ్చిన చప్పుడు కూడా విన్నాను."

అది చెప్పేటప్పుడు ఆబ్నర్ నా సత్రం బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

తర్వాతి చలికాలాల్లో డోర్కస్ మోకాళ్ళు మరీ పాడయ్యాయి. తమ్ముడింటికి వెళ్ళాలంటే ఆబ్నరే ఆమెని మంచు మీద జారే స్లెడ్జి బండి మీద కూర్చోబెట్టి లాక్కుని తీసుకెళ్ళేవాడు. ఆమె లోపలికి వెళ్తే తను గేటు బయట మంచులో నిలబడేవాడు, ఆమె తిరిగి వచ్చేదాకా. ఒక ఏడు అలాగే గడిచింది. రెండో ఏడు ఒక రోజు మంచు మరీ దట్టంగా కురుస్తుంటే మెహిటబెల్ తలుపు తీసి, "లోపలికి రా అన్నయ్యా, గడ్డకట్టుకుపోతావు," అని పిలిచింది. జాబెజ్ పొయ్యి దగ్గరే కూర్చుని ఉన్నాడట. కుర్చీ కొంచెం పక్కకి జరిపాడట, అంతే. ఆబ్నర్ వచ్చి కూర్చున్నాడు. ఆ ఏడు కాడ్ చేప ఎంత పడింది, ఎవరి వల చిరిగింది, ఇవే మాట్లాడుకున్నారని డోర్కస్ చెప్పింది.