ప్రమీల పేరు పక్కన రాసింది

దస్తగిరమ్మ పోయిన నలభైయో దినం దాటినాక, హిందూపురంలో ఆమె కూతురు షహీన్ ఒక నోటుపుస్తకం తెచ్చి ఇంటి పెద్దల పేర్లు రాయడం మొదలుపెట్టింది. నాయన బాషా వైపు ఐదు తరాలు రెండు సాయంత్రాల్లో తేలిపోయినాయి. అమ్మ వైపు ఒక్క పేరు దగ్గరే ఆగిపోయింది. నిఖా కాగితంలో అమ్మ తండ్రి పేరు అబ్దుల్లా అని ఉంది.

"అబ్దుల్లా ఎవరు?" అని అన్న యూనస్‌ని అడిగింది.

"ఎవరూ కాదు. మతం మారి వచ్చినోళ్లకి తండ్రి పేరు అట్ల రాసేవాళ్లంట. నువ్వూ అదే రాసుకో."

షహీన్‌కి చెయ్యి రాలేదు. పుట్టింట్లో అమ్మ పేరు ప్రమీల అనీ, వాళ్లు సేద్యం చేసుకునేవాళ్లనీ, పంతొమ్మిదో ఏట నాయనతో వచ్చేసిందనీ తప్ప ఇంకేమీ తెలీదు. రైలు ధర్మవరంలో ఆగితే అమ్మ కొంగు మొహం మీదికి లాక్కునేది. ఊరి పేరు ఆఖరి దినాల్లో, జ్వరంలో ఒక్కసారి చెప్పింది. షహీన్ బ్లౌజులు కుట్టే పని ఒక దినం ఆపి ధర్మవరంలో దిగి, ఆటో మాట్లాడుకుని ఆ పల్లెకి పోయింది.

ప్రమీల పేరు చెప్పి అడిగితే చూపించిన ఇంటి ముందర ఒక పెద్దామె చేటలో శెనక్కాయలు ఒలుస్తాంది. అమ్మ చెల్లెలు రామక్క. షహీన్ నోరు విప్పకముందే లేచి నిలబడింది.

"ప్రమీలక్క కూతురివి కదూ?" అని చేతులు పట్టుకుని, వెనక ఆగిన ఆటో వైపు చూసింది. "అక్క దిగలేదేం? భయపడొద్దని చెప్పు పాపా. మా నాయన పోయి ఇరవై ఏండ్లాయ. ఇప్పుడు ఎవరేమంటారు?"

"అమ్మ రాలేదు చిన్నమ్మా. పోయి నెలన్నర దాటింది."

రామక్క చేతులు వదిలేసింది.

"యాడుండింది ఇన్నాళ్లూ?"

"హిందూపురంలోనే."

"చింతపండు అమ్మను ఏటా వస్తిమే హిందూపురానికి!"

తర్వాత రామక్క లోపలికి తీసుకుపోయింది. గోడకి అద్దం కట్టించిన వంశవృక్షం. రామక్క అన్న కొడుకు నరేష్ పాత దస్తావేజులు వెతికి, ఊర్లు తిరిగి, పోయినేడు అచ్చు వేయించినాడు.

"అక్క పేరు లేకుంటే నా పేరు గూడా వద్దని రెండు దినాలు అన్నం ముట్టలేదు నేను. అప్పుడు వేసినాడు. అక్క, మీ నాయన, పిల్లోళ్లు, అందరూ ఉండారంట. పేర్లు ఎవరో చెప్పినారంట, ఊరు మాత్రం తెలీలేదన్నాడు. ఇదో, ఈడ. నాకు చదువు రాదు. చదువు పాపా."

షహీన్ దగ్గరికి పోయి చూసింది. 'ప్రమీల, బాల్యంలోనే మృతి.' అంతే. దాని కింద కొమ్మలేమీ లేవు.

"ప్రమీల," అని చదివింది. "భర్త బాషా. కొడుకు యూనస్. కూతురు షహీన్."

రామక్క ఆ అక్షరాల మీద ఈ చివర నుంచి ఆ చివరకి వేలు పెట్టి జరిపింది. పక్కనే ఉన్న తన వరస మీద గూడా జరిపింది.

"నా పేరు, మీ చిన్నాయన పేరు, ఇద్దరికే ఇంత జాగా పట్టిందే. మీరు నలుగురు ఇంతలో ఎట్ల పట్టినారు? నిజం చెప్పు పాపా, ఏం రాసినాడు?"

చెప్పక తప్పలేదు.

"పిల్లప్పుడే చచ్చిపోయిందా!" రామక్క గోడకి ఆనుకుని కూలబడింది. "ఇల్లిడిచి పోయే దినం పొద్దున గూడా నాకు జడేసి పోయిందే. చచ్చిపోయిన పిల్ల వేసిందా నాకు జడ?"

అప్పుడే నరేష్ ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చినాడు. చూడగానే అర్థమైంది అతనికి.

"నాకు మీ మీద ఏం కోపం లేదక్కా..."

"అక్క కాదురా," అంది రామక్క. "వరసకి నీకు వదిన."

నరేష్ ఆ మాట అనలేకపోయినాడు. తల దించుకుని, "మా చెల్లెలు స్వాతికి సంబంధాలు చూస్తాండాం. గోడ మీద బాషా అని ఉంటే, వచ్చినోళ్లు కాఫీ గూడా తాగకుండా లేచిపోతారు," అన్నాడు.

"మార్చమని అడగను," అంది షహీన్. "మా అమ్మ నాయన పేరు చెప్పండి. చాలు."

రామక్కే చెప్పింది. "ఓబుళప్ప. మా అమ్మ గంగమ్మ. రాసుకో పాపా, తప్పు లేకుండా రాసుకో."

ఆటో దాకా వెంట వచ్చింది రామక్క.

"అక్కని యాడ పెట్టినారు?"

"పెనుకొండలో, నాయన సొంతూర్లో. ఆయన పక్కనే."

"వస్తా. గుర్తు పట్టేది ఎట్ల?"

"రాయి మీద పేరుండాది. దస్తగిరమ్మ అని."

రామక్క ఆ పేరు మెల్లగా రెండుసార్లు పలికింది. "ఆ పేరుగల్ల మనిషి నాకు తెలీదే తల్లీ. నువ్వు పక్కనుండి చూపించల్ల."

శుక్రవారం వస్తానంటే షహీన్ తన ఫోన్ నంబరు రాసిచ్చింది. షహీన్ పెనుకొండ స్టేషన్లో రెండు బండ్లు చూసింది, మూడోది గూడా చూసింది. ఆ పైవారం గూడా పోయి చూసింది. చివరికి నరేషే ఫోన్ చేసినాడు.

"అత్త రాదక్కా. స్వాతి పెండ్లి అయ్యేదాకా ఏమనుకోవద్దు."

వెనక నుంచి రామక్క గొంతు వినిపించింది. "నాకియ్యప్పా, ఒక్క మాట..."

ఫోన్ కట్ అయింది. షహీన్ మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేసేసరికి స్విచాఫ్ అని వచ్చింది.