రెక్కలొచ్చిన గూళ్లు

పెన్న పొంగి పరిగి దారి మునిగిన ఏడు అది. హిందూపురంలో పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీసే గౌస్‌సాబ్ మనవరాలు షహీన్ అప్పుడు మూడో తరగతి. పిల్ల ఎవరితోనూ పలకదు. దానికి తాత నోరే వచ్చిందని కోడలు అంటుండేది. గౌస్‌సాబ్ కాదనేవాడు కాదు, అవుననేవాడూ కాదు.

బడిలో ప్రమోద టీచరు ఒక పద్ధతి పెట్టింది. శనివారం ఒక బిడ్డ ఇంటినుంచి ఏదైనా తెచ్చి, చేతులతో చేసి చూపిస్తూ ఐదు నిమిషాలు మాట్లాడాలి. బాగా చెప్పినవాళ్లకు పెనుకొండ సైన్సు ప్రదర్శనలో చోటు. షహీన్ రెండుసార్లు లేచి, రెండుసార్లూ కాలి బొటనవేలు చూసుకుని కూర్చుంది. ఈసారీ అంతే అయితే వేరేవాళ్లను తీసుకుపోతానని టీచరు మెత్తగానే చెప్పింది. ఆ పూట పిల్ల అన్నం ముట్టలేదు.

గౌస్‌సాబ్ తెల్లటి గూళ్లు ముప్పై ఏరి, బడిలో దారం తీసి చూపిద్దామని గుడ్డలో కట్టి పెట్టాడు. మామూలుగా తెచ్చిన రోజే ఆవిరి పట్టిస్తాడు. లోపలి పురుగు చస్తేనే దారం దక్కుతుంది. ఒక్క రాత్రి మాటే కదా అని వీటిని పచ్చిగానే ఉంచాడు. తెల్లారేసరికి వాన పట్టుకుంది. పెనుకొండ బస్సులు ఆగిపోయాయి, అక్కడినుంచి రావాల్సిన టీచరు రాలేదు, ఆ శనివారం కాస్తా మరుసటి శనివారమయింది. కారుతున్న షెడ్డు చూసుకోవడంలో ఆయన మూట సంగతే మరిచాడు.

ఆ శనివారం స్టవ్వు, కుండ, చిన్న చరకా మోసుకుని పిల్లవెంట బడికి పోయాడు. అందరి ముందు మూట విప్పితే సగం గూళ్లకు బొక్కలు. తెల్లటి రెక్కల పురుగులు గుడ్డంతా పాకుతున్నాయి. బొక్కపడిన గూటినుంచి దారం తెగకుండా రాదు.

“మేడం, ఇవి పనికిరావు. ఇంకో వారం పెట్టుకుంటాం” అన్నాడు.

ముందు బెంచీలో లోకేష్ నవ్వాడు. వాడి నాయన ధర్మవరంలో మగ్గం నేస్తాడు. “ఏమ్మే, పట్టు తెస్తానని పురుగులు తెచ్చినావే?”

షహీన్ తలెత్తింది. “గూడు కట్టింది ఇదేనప్పా. మీ నాయన నేసే చీర దీని ఇల్లు.”

పిల్ల ఒక పురుగును అరచేతిలోకి తీసుకుంది. ఇన్ని రోజులూ ఎవరికీ చెప్పకుండా మూట విప్పి చూస్తూనే ఉందట. ఉమ్మితో గూడు తడిపి తలతో తోసుకుని వస్తుందనీ, వచ్చాక ఏమీ తినదనీ, రెక్కలున్నా ఎగరలేదనీ చెప్పింది. ఒక్కొక్కరినీ పిలిచి అరచేతిలో పెట్టింది. భయపడిన వాళ్లకు చక్కిలిగింతలే, కరవదని ధైర్యం చెప్పింది. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి.

లోకేష్ గౌస్‌సాబ్ వైపు తిరిగాడు. “తాతా, ఇదంతా నిజమేనా?”

“నాకేం తెల్సు నాయనా. నలభై ఏండ్లుగా గూళ్లు ఉడకబెడతాండా, ఇట్ల బయటికొచ్చింది ఎన్నడూ చూడల్యా. ఆ పాపనే అడుగు.”

టీచరు నవ్వి, పెనుకొండ జాబితాలో మొదటి పేరు షహీన్‌ది రాసింది.

మరునాడు పొద్దున మూటగుడ్డ మీద ఆవగింజలకన్నా చిన్నగా, పసుపుపచ్చగా ఏవో అంటుకుని ఉన్నాయి. గౌస్‌సాబ్ పిల్లను లేపి, గుడ్డ ముందు పరిచి, ఇవేమిటో చెప్పమన్నాడు. అది గుడ్ల సంగతి చెప్పినంతసేపూ విన్నాడు. తరువాత ఎప్పట్లాగే గూళ్లు కొనడానికి మార్కెట్టుకు పోయాడు.