బాలింత గది కిటికీ

బుధు పోయి ఏడాదిన్నర అయినా అతని పెళ్ళాం సోములమ్మకి ఏడుపు రాలేదు. ఊరంతా ఏడిచింది, కూతురు బేబి గుండెలు బాదుకుంది. ఈవిడ మాత్రం అడ్డచుట్ట కాల్చుకుంటూ కూర్చుంది. నిప్పు కొస నోట్లో పెట్టుకుని పొగ మింగే ఆడది పట్నం వాళ్ళకి వింత గానీ, గూడెం కొత్తవీధి కొండల్లో వింతేమీ కాదు.

ఏడుపు రాకపోవడానికి కారణం ఉంది. పెద్దాసుపత్రిలో డాక్టరు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని చెప్పి, "చుట్ట తాగుతావా?" అని అడిగాడు.

"నాను ముట్టను బాబూ. మా ఇంటిది కాల్సుతాది," అన్నాడు బుధు. నిజం చెప్పడం తప్ప వేరే తెలివి లేని మనిషి.

డాక్టరు ఏదో రాసుకుని ఊరుకున్నాడు. పక్కనే ఉన్న బేబి ఊరుకోలేదు. "నీ పొగే అయ్యని తినేసింది," అంది తిరుగు బస్సులో. ఆ రోజు నుంచి ఒకే కుండలో గంజి తాగుతూ కూడా తల్లితో అవసరానికి మించి మాట్లాడలేదు. అమ్మా అని పిలవడం మానేసింది. సోములమ్మ కాదనలేదు. మొగుణ్ణి తనే చంపానని నమ్మేసింది. నమ్మాక లోపల అంతా మొద్దుబారింది, తిన్నా తినకపోయినా ఒకటే అయింది.

కాఫీ పళ్ళు కోసే రోజుల్లో పావని అనే యూనివర్సిటీ అమ్మాయి ఇళ్ళల్లో గాలి కొలవడానికి ఊరికి వచ్చింది. సోములమ్మ ఇంటి వెనక గది చూసి ఆగిపోయింది. వెనక గోడ కట్టింది కాదు, కొండరాయే. నేల నిండా పగుళ్ళు. ఉన్న ఒక్క కిటికీ రాళ్ళూ మట్టితో పూడ్చేసి ఉంది.

"రాయిలోంచీ నేలలోంచీ రాడాన్ అని ఒక గాలి ఊరుతుందమ్మా. రంగూ వాసనా ఉండవు. మూసిన గదిలో పేరుకుపోతుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి," అని చెప్పి, మంచం పైన చిన్న ప్లాస్టిక్ డబ్బా వేలాడదీసింది. లోపల ఫిల్ము ముక్క ఉందట. మూడు నెలలు కదపకూడదట.

ఆ గది బుధుది. పొగ పడక, రాత్రిళ్ళు తలుపు బిగించుకుని అందులో పడుకునేవాడు. అతను పోయాక సోములమ్మ అక్కడికి మకాం మార్చింది, చుట్టతో సహా. డబ్బా ఆమెకి మనశ్శాంతి లేకుండా చేసింది. గాలిని పట్టేది పొగని పట్టదా? పట్టి, బేబి అన్నది నిజమేనని పదిమందిలో చెప్పదా? అందుకని చుట్ట ముట్టించినప్పుడల్లా డబ్బా తీసి అరుగు మీద గుంజకి తగిలించేది. తనే అరుగు మీదికెళ్ళి కాల్చుకుంటే సరిపోయేది గానీ, ఆ ముక్క ఆవిడకి తట్టలేదు. కొన్నాళ్ళకి లోపల పెట్టడం కూడా బద్ధకించి, అక్కడే వదిలేసింది. పావని వస్తోందని తెలిసిన రోజున మాత్రం గదిలో తగిలించింది.

మూడు నెలలకి డబ్బా తీసుకెళ్ళిన పావని, నెల తిరిగాక ఫలితం కాగితం పట్టుకొచ్చింది. ఈ గాలి లెక్క మూడొందలు దాటితే ఏదో ఒకటి చెయ్యాలి, మీకు అరవయ్యే వచ్చింది, గదికి భయం లేదు అంది.

సోములమ్మ తల ఊపింది. అయితే చంపింది తనే. కొత్తగా బాధేం కలగలేదు.

బేబికి అప్పుడు అయిదో నెల. మొగుడు ఫల్గుణ సీలేరులో పనికెళితే తల్లి దగ్గరే ఉంటోంది. "భయం నేదంటే మంచిదే. పురుడయ్యాక నానూ గుంటడూ ఈ గదిలోనే ఉంటాం. గాలి సొరబడదు," అంటూ చాప తెచ్చి పరవబోయింది.

"ఆ డబ్బా గదిలో నేదమ్మా," అంది సోములమ్మ, పావని వైపు చూస్తూ.

"ఏటీ?" అంది బేబి.

"అరుగు మీదెట్టాను. నా సుట్టని పట్టిత్తాదని."

పావనికి కోపం వచ్చింది. మూడు నెలల పని బూడిదలో పోసినట్టయింది మరి. అయినా వెళ్ళి, వారం రోజుల్లో తిరిగొచ్చి, అంకెలు చూపించే మిషను గదిలో పెట్టింది. అది ఉన్న వారం తల్లీ కూతుళ్ళిద్దరూ ఆ గదిలో అడుగుపెట్టలేదు. ఎనిమిదో రోజు మిషను ఆరొందల నలభై చూపించింది.

"అయితే అమ్మ సుట్ట కాదా?" అంది బేబి. ఇన్నాళ్ళ తరవాత ఆ నోట అమ్మ అన్న మాట వచ్చింది.

పావని అబద్ధం చెప్పి ఉంటే పుణ్యం దక్కేది. చెప్పలేదు. "ఏది ఎంత చేసిందో ఎవరూ చెప్పలేరు. పొగా, ఈ గాలీ కలిస్తే కీడు ఇంకా ఎక్కువ," అంది. పగుళ్ళు సిమెంటుతో పూడ్చాలి, నేల కిందనుంచి గొట్టం వేసి ఆ గాలిని కప్పు పైకి పంపాలి, అన్నిటికన్నా ముందు గదికి గాలి ఆడాలి అని చెప్పింది. "అసలీ కిటికీ ఎందుకు మూసేశారు?"

సోములమ్మ చెప్పింది. బేబి పుట్టిన చలికాలం అది. బాలింతకి గాలి తగలకూడదని బుధు ఒక్క పూటలో రాళ్ళు పేర్చి మట్టి మెత్తాడు. తరవాత తీసేస్తానన్నాడు. ఎచ్చగా ఉంది, ఉండనీ అని తనే అంది. ఇరవై రెండేళ్ళు అలాగే ఉంది.

పావని వెళ్ళాక సోములమ్మ గునపం తెచ్చింది. మట్టి మీద బుధు నాలుగు వేళ్ళు జారిన గుర్తులు ఎండి అలాగే ఉన్నాయి. వాటి వంక చూసింది. ఏడుపు వస్తుందేమోనని ఆగింది. రాలేదు. ఆ గుర్తుల మీదే గునపం వేసింది. రాయి ఊడి అవతల పడింది. మంచం మీదికి వెలుగూ, దాని వెనకే చల్లగాలీ వచ్చాయి.

బేబి గంప తెచ్చి పక్కన పెట్టి, కడుపు మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "పురుడయ్యాక మాకు గాలి తగల్దా అమ్మా?"

"తగల్నీ. మనకి తగలకూడదని కిటికీ మూసే కదే మీ అయ్య పోయాడు," అంది సోములమ్మ, రెండో రాయి పట్టుకుని లాగుతూ.