లెస్యా వైపు ఒరిగే ఇల్లు

డిసెంబరు నెల పడిందంటే ఒరెస్ట్ మెల్నిక్ పొద్దున్నే కాఫీ తాగేసి, పాత అట్టపెట్టెలు ముక్కలుగా చింపి వంటింటి బల్ల కాళ్ల కింద పెట్టేవాడు. పెట్టకపోతే గిన్నెలో సూపంతా ఒక అంచుకే చేరి నిలబడేది. పండగ దగ్గరపడేకొద్దీ అట్టముక్కలు పెంచుకుంటూ పోవడమే.

వాళ్లది ఒరిగే ఇల్లు. ఇంట్లో ఎవరి నెత్తిన ఎక్కువ బరువుంటే వాళ్ల వైపు ఒరుగుతుంది. అంటే ఏటా ఒరెస్ట్ భార్య లెస్యా వైపు. ఆమె పొయ్యి దగ్గరుంటే పొయ్యి వైపు, మేడమీద దుప్పట్లు మారుస్తుంటే మెట్ల వైపు. చేజారిన ఉల్లిపాయలు, ఒరెస్ట్ విప్పి పడేసిన మేజోళ్లు, అన్నీ జారుకుంటూ వెళ్లి ఆమె కాళ్ల దగ్గరే ఆగేవి. వాళ్లుండే డాఫిన్ ఊళ్లో దీన్నెవరూ వింతగా చూసేవాళ్లు కాదు. ఉత్తరాలు తెచ్చే మనిషి కూడా ఇంటిని ఓసారి ఎగాదిగా చూసి, "అమ్మగారు పెరటి వైపు ఉన్నారల్లే ఉందే" అని వెనక తలుపు కొట్టేవాడు.

డిసెంబరులో ఊరందరి క్రిస్మస్, జనవరిలో పాత పంచాంగం ప్రకారం తమ యుక్రేనియన్ల క్రిస్మస్. బళ్లో లైబ్రరీ పని చేసుకునే లెస్యాకి ఆ రెండింటి మధ్యా నడుం వాల్చే సందు దొరికేది కాదు. జనవరి పండగకి ముందు సాయంత్రం తొలిచుక్క పొడిచాక చుట్టాలందరితో కలిసి పన్నెండు వంటకాల భోజనం చెయ్యాలి. మాంసం, పాలు, గుడ్లు తగలకూడదు. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ ఆ పన్నెండూ లెస్యా చేతివే, వడ్డనా ఆమెదే.

ఆ ఏడాది జనవరి మొదట్లో ఒక సాయంత్రం ఆమె నిలబడి బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ఒకటి చేజారింది. చూడకుండానే వంగి, కాలి దగ్గర చెయ్యి పెట్టి ఆగింది. దుంప రాలేదు.

వెనక్కి తిరిగి చూసింది. అది వంటిల్లంతా దాటుకుని మూలకి దొర్లుతోంది. అక్కడ పదిహేడేళ్ల కూతురు దార్కా కూర్చుని, పుట్టగొడుగులు కూరిన పిండిని కజ్జికాయల్లా మడుస్తోంది. పిరొహి అంటారు వాటిని. దుంప వస్తుంటే తలెత్తకుండానే పాదం అడ్డం పెట్టి ఆపింది. బాగా అలవాటున్న పాదం.

లెస్యా చేతిలో కత్తి కింద పెట్టింది. "ఎప్పట్నించే?"

"ఏది?"

"అవి నీ దగ్గరికి రావడం."

"క్రిస్మస్ చెట్టు పెట్టినప్పట్నించి. ఏం కాదులే అమ్మా, అలవాటైపోయింది."

కిటికీ పక్కన గసగసాలు ఏరుకుంటున్న అత్తగారు స్తెఫానియా నవ్వింది. "నీ పెళ్లయిన ఏడాది ఒక బఠాణీ గింజ నన్ను దాటుకుని నీ దగ్గరికి దొర్లింది. హమ్మయ్య అనుకున్నా."

"నాకు చెప్పలేదేం అత్తయ్యా?"

"చెబితే వెనక్కి తోస్తావుగా!"

లెస్యాకి నవ్వు రాలేదు. రెండు వారాలుగా తన నడుంనొప్పి కాస్త తగ్గింది. కొత్త బూట్ల మహిమ అనుకుంది ఇన్నాళ్లూ. గోడమీద గడియారం చూసింది.

"ఇవాళ నీకు ప్రాక్టీసు లేదూ?"

దార్కా కర్లింగ్ ఆడుతుంది. మంచు పలక మీద బరువైన రాయిని జార్చి, దూరంగా గీసిన వలయంలో ఆపాలి. ఊరి ఆడపిల్లల జట్టు మొదటిసారి విన్నిపెగ్ నగరంలో రాష్ట్రపోటీకి వెళ్తోంది.

"మానేశా," అంది దార్కా పిండి మడుస్తూనే. "పన్నెండు వంటకాల రోజు పొద్దున్నే బయల్దేరాలట. నువ్వొక్కదానివీ ఎలా చేస్తావు? నా బదులు ఇంకో అమ్మాయి వెళ్తోంది."

లెస్యా చేతులు తుడుచుకుని, కోచ్‌కి ఫోన్ చేసి దార్కా వస్తోందని చెప్పింది. అవతల కోచ్ బెవర్లీ "దేవుడు మేలు చేశాడమ్మా! ఆ రెండో పిల్ల రాయికంటే ముందు తనే జారిపోతోంది" అంది.

దార్కా లేచి నిలబడింది. "అమ్మా, మరి వంటలు?"

"పుట్టగొడుగుల పిరొహి ఒక్కటే చేస్తాను. అదంటే నాకిష్టం."

అప్పుడే లోపలికొచ్చిన ఒరెస్ట్ టోపీ తియ్యడం మర్చిపోయాడు. "మిగతావో?"

"తినడానికొచ్చేవాళ్లకి చేతుల్లేవా? బీట్‌రూట్ సూపు నీది."

"నాదా? నాకు గుడ్డు ఉడకబెట్టడం రాదే!"

"మంచిదేగా. గుడ్డు ఎలాగూ పనికిరాదు."

ఆ మాటకి ఇల్లు కిర్రుమంది. బుట్టలోంచి ఉల్లిపాయలు దొర్లుకుంటూ వెళ్లి ఒరెస్ట్ బూట్ల చుట్టూ చేరాయి. అతను వాటికేసి చూసి, "ఓర్నాయనో," అన్నాడు. వంగి ఏరుకోవడం మొదలుపెట్టాడు.

లెస్యా ఆడబిడ్డ ఒక్సానాకి ఫోన్ చేస్తే, "వదినా, ఒంట్లో బాగానే ఉందా?" అనడిగింది ఆమె. చేపల వంటకం తెమ్మన్నాక ఇంకా అనుమానపడింది. "నే చేసింది నువ్వు తింటావా? పోయినసారి నా కేకుని పక్కింటి కుక్కకి పెట్టావుగా!"

"అది మాత్రం లొట్టలేసుకుంటూ తింది. ఈసారి మేం తింటాం, తే!"

స్తెఫానియా పాలు తగలకుండా తేనెతో గోధుమల పాయసం తను చేస్తానంది. మరిది తరాస్ చిక్కుళ్లు చేస్తానన్నాడు. ఒక్కొక్కరూ ఒప్పుకుంటున్నకొద్దీ ఇల్లు కొంచెం కొంచెంగా సర్దుకుంది. మర్నాటికి ఒరెస్ట్ అట్టముక్కలన్నీ లాగి పొయ్యిలో పడేశాడు.

ఆ సాయంత్రం లెస్యాకి చెయ్యడానికి పనేమీ లేదు. ఏం చెయ్యాలో తోచక దార్కాతో ఆటస్థలానికి వెళ్లింది. ఆ చలికాలంలో కూతురి ఆట చూడటం అదే మొదలు. చల్లటి బెంచీ మీద కోకో కప్పు పట్టుకుని కూర్చుంది. దార్కా మోకాలు మంచుకి ఆనేంత కిందికి వంగి, చూపు తిప్పకుండా, రాయిని పసిబిడ్డని అప్పగించినంత మెల్లగా వదిలింది. అది వలయం మధ్యలో ఆగింది. లెస్యా కోకో ఒలికిపోయేలా చప్పట్లు కొట్టింది. "అమ్మా, ఇది ఉత్త ప్రాక్టీసే!" అని అరిచింది దార్కా సిగ్గుతో ఎర్రబడి.

పండగ ముందురోజు పొద్దున్నే దార్కా వెళ్లిపోయింది. చీకటి పడుతుంటే చుట్టాలు తలో గిన్నె పట్టుకుని దిగారు. తరాస్ చిక్కుళ్లు అడుగంటాయి. ఒక్సానా చేపలు అంగట్లో సీసాలోవేనని వాసన చూసే చెప్పేసింది స్తెఫానియా. తొలిచుక్క కోసం కిటికీ దగ్గర మూగుతుంటే విన్నిపెగ్ నుంచి ఫోన్.

"ఓడిపోయామమ్మా!"

"ఓడిపోయి నవ్వుతున్నావేమే?"

"రేపు మళ్లీ ఆట ఉందిగా. అమ్మా, ఇక్కడ మంచు పరిచే ఆయన ఒకాయనున్నాడు. పలకంతా గాజులా ఎలా సమం చెయ్యాలో చూపించాడు. ఎంత బావుందో!"

జట్టు కప్పేమీ తేలేదు. కానీ దార్కా మాత్రం వేసవిలో మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లి ఆ పని నేర్చుకుంది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లో పోటీ జరిగినా మంచు పరిచేది తనే. డిసెంబరంతా ఊళ్లు తిరుగుతుంది, పాడుకుంటూ.

ఆ రాత్రి ఫోన్ పెట్టేసి వచ్చి లెస్యా అందరితోపాటు బల్ల దగ్గర కూర్చుంది. ఒరెస్ట్ ఆమె గిన్నెలో సూపు పోశాడు. ఆమె నిండా ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఉలిక్కిపడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒరెస్ట్ మొహం పాలిపోయింది. "ఉప్పెక్కువైందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. చేత్తో నోటికి విసురుకుంటూ, నవ్వుతూ, ఏడుస్తూ మొత్తానికి అంది.

"కాలిందయ్యా! ఇన్నేళ్లలో ఈ సూపు వేడిగా తాగితే కదా!"