నీళ్ల డ్రమ్ములో పొడి

మేత తొట్టి రేకు గీసుకుని అత్తగారి అరచేయి తెగింది. "ఈ పాటి దానికి ఆసుపత్రేమిటే?" అంటూ గుడ్డ చుట్టుకుని మళ్లీ కోళ్ల షెడ్డులోకి వెళ్లిపోయింది. చూస్తుండగానే చేయి మోచేతి దాకా వాచింది. ఒళ్లు కాలిపోతుంటే కోడలు ఆమెను ఆసుపత్రిలో చేర్చింది.

సెలైన్‌లో మందు ఎక్కించారు. లాభం లేక ఇంకోటి మార్చారు. చీము ఆగలేదు. చీము పరీక్ష చూసిన డాక్టరమ్మ కోడల్ని పక్కకు పిలిచింది.

"మీ కోళ్లకు మందులేమైనా వాడతారా?"

"జబ్బు రాకుండా, బరువు తూగాలని రోజూ డ్రమ్ము నీళ్లలో ఒక పొడి కలుపుతామండీ. మందుల కొట్టాయన ఇస్తాడు."

ఫోనులో ప్యాకెట్ ఫోటో చూసి డాక్టరమ్మ నిట్టూర్చింది. "మేం ఎక్కించిందీ ఈ జాతి మందే. రోజూ కొంచెం కొంచెం పోస్తుంటే చచ్చే క్రిములు చచ్చి, చావనివి రాటుదేలతాయి. అలాంటివే గాయంలో చేరినట్టున్నాయి."

కోడలు ఆ ఫోటో మళ్లీ చూసింది. ఆ పొడి కలిపేది తనే. చంటిపిల్లకు పాలు కలిపినంత శ్రద్ధగా కలిపేది.

కిడ్నీలకు ప్రమాదమని పక్కన పెట్టిన పాత మందే చివరికి వాడారు. ప్రాణం దక్కింది. రెండు వేళ్లు తీసేశారు.

ఇంటికి రాగానే కోడలు ప్యాకెట్లన్నీ కొట్టుకు తిప్పి పంపేసింది. "ఈ బ్యాచ్ గట్టెక్కనీ, తర్వాత చూద్దాం!" అని మొగుడు గుడ్లురిమాడు. ఆమె విననట్టే షెడ్డు నేల మీద తడిసిన పొట్టు ఎత్తిపోసి, సున్నం చల్లి, కొత్త పొట్టు పరిచింది.

కొన్నాళ్లకు కొన్ని కోడిపిల్లలు రెక్కలు వేలాడేసి మూలకు చేరాయి.

"కాస్త ఆ పొడి కలపరాదూ?" అంది అత్తగారు, చేతికి కట్టుతోనే.

"అత్తయ్యా! మీరేనా ఆ మాట అనేది?"

"నా వేళ్లు ఎలాగూ పోయాయి. కోళ్లు కూడా పోవాలా?"

కోడలు పొడి కలపలేదు. జబ్బు పిల్లల్ని ఏరి విడిగా పెట్టి, పశువుల డాక్టరును పిలిచింది. ఆయన వాటికి మాత్రమే, చెప్పినన్నాళ్లే వాడమని మందిచ్చాడు. సగం బతికాయి.

చచ్చినవాటిని పూడుస్తుంటే అత్తగారు వచ్చింది. "రేపు ఆ పొడి కోసం కొట్టుకు నేనే వెళ్తా."

"వెళ్లండి. ఈసారి నా చేయి తెగితే ఏ మందు ఎక్కించాలో కూడా ఆ కొట్టాయన్నే అడిగి రండి."

అత్తగారు వెళ్లలేదు. కానీ ఆ తర్వాత చాలా రోజులు కోడలితో మాట్లాడనూ లేదు.